ఆక్షేపణకు కారణం

శామీర్‌పేట
1944 జూలై 11, మంగళవారం

చెల్లె ఎలీషమ్మకు,

నిన్న పొద్దున ఒక బర్రె దవడ పట్టుకుని వెదురు గొట్టంతో మందు పోస్తున్నాను. పశువులకు గొంతువాపు వచ్చే రోజులు, దవాఖాన ముందు పదిమంది రైతులు నిలబడి ఉన్నారు. ఆ బర్రెను గుండ్లపోచంపల్లి నుంచి తోలుకొచ్చిన మనిషి అందరూ వింటుండగా అడిగాడు: "డాక్టరుసాబ్, మీ పెద్దబిడ్డ తన పెండ్లి తానే ఆపుకున్నదంట గద, నిజమేనా?"

మందు సగం నేలపాలయింది. పశువుల డాక్టరుగా ఇరవై రెండేండ్లలో ఒక్క చుక్క ఒలకబోయలేదు.

అతని నోటనే మిగతాది విన్నాను. ఆదివారం మేడ్చల్ గుళ్లో సత్యానందం అయ్యగారు మరియమ్మ పెండ్లి ప్రకటన మూడుసార్లలో రెండోసారి చదివాడట. "ఈ వివాహానికి ఎవరికైనా ఆక్షేపణ ఉంటే ఇప్పుడే తెలుపవలెను" అన్నాడట. ఆ మాట నా చిన్నప్పటి నుంచి వింటున్నాను. దానికి ఎవరైనా జవాబు చెప్పడం నేనెరగను. జవాబు చెప్పింది నా బిడ్డ. ఏం చెప్పిందో నిన్నటి నుంచి మూడు రకాలుగా విన్నాను. నువ్వు అక్కడే ఉన్నావు కాబట్టి నాలుగో రకం నువ్వు చెప్పు.

కానీ ఒక మాట నేనే ముందు చెబుతాను. తల్లి పోయిన నెలకు ఆరేండ్ల పిల్లను తెచ్చి నీ చేతుల్లో పెట్టాను. పదిహేడేండ్లు నీ బోర్డింగులో పెరిగింది, చదివింది, అక్కడే టీచరయింది. చుట్టూ ఆడపిల్లలు, వంటమనిషి ఆడది, చదువు చెప్పేవాళ్లు ఆడవాళ్లు. ఆ ప్రహరీ లోపల మగమనిషి దగ్గు కూడా వినబడదు. దూడను మంద నుంచి విడదీసి పెంచితే దాని తీరే మారిపోతుంది. నా కళ్లతో చూసినవాణ్ణి. ఇది పెంపకం తప్పు. అంటే నీ తప్పు. ఇంతకంటే మెత్తగా రాయడం నాకు చేతకావడం లేదు.

బొల్లారం సంబంధం సంగతి నీకు తెలుసు. పెద్దబ్బాయి దేవదానుకు మరియమ్మను, చిన్నబ్బాయికి మా చిన్నది సలోమిని అడిగారు. ఇప్పుడు రెండూ పోయేలా ఉన్నాయి.

టపాలో వేస్తే మూడు రోజులు పడుతుందని చేపల యాదవ్వతో పంపుతున్నాను. ప్రతి మంగళవారం మీ అంగడికి వస్తుంది కదా, జవాబు ఆమె చేతికే ఇవ్వు. మరియమ్మను ఇంటికి పంపు.

ప్రభుదాసు

మేడ్చల్
జూలై 18

అన్నకు,

నీ ఉత్తరం చేప పొలుసులంటుకుని వచ్చింది. వారమంతా బల్ల మీదే ఉంది. మూడుసార్లు జవాబు రాసి మూడూ చించేశాను. నేను దేన్నయినా ఒక్కపట్టున నమ్మలేని మనిషినని నీకు తెలుసు.

జరిగింది ఇది. అయ్యగారు అలవాటు ప్రకారం ఆ మాట చదివి, జవాబు కోసం చూడకుండానే కానుక పాట కోసం పుస్తకం తిప్పుతున్నాడు. మరియమ్మ లేచింది.

"అయ్యగారూ, ఆగున్రి. నాకుంది ఆక్షేపణ."

"నీకా? ఎవరి మీద?"

"నా పెండ్లి మీదనే."

ఆడవాళ్ల వైపు ఎవరో నవ్వారు. అయ్యగారు కళ్లద్దాలు తీసి, "కారణమేంది బిడ్డా?" అన్నాడు. పోట్లాటగా కాదు, నిజంగానే అడిగాడు.

"నా మనసు మగవాని మీదికి పోదు. ఎన్నడూ పోలే. ఒక ఆడమనిషి మీద ఉన్నది. దేవదాను మంచోడు, ఆయన్ను మోసం జెయ్యలేను. అంతే." చెప్పి కూర్చుంది. విసనకర్రలన్నీ ఆగిపోయాయి.

ఎవరైనా "కూసో పిల్లా" అని గదిమి ఉంటే ఆ సంగతి ఆ రోజుతోనే పోయేది. కానీ సత్యానందం అయ్యగారి సంగతి నీకు తెలుసు. నియమాల పుస్తకంలో ఏముంటే అది జరగాలి. ఆక్షేపణ ఎవరు చేసినా రిజిస్టరులో ఎక్కించాలని ఉందట. ఎక్కించాడు. పేరు: మరియమ్మ, ప్రభుదాసు కూతురు. పక్క గడి: ఆక్షేపణకు కారణం. అక్కడ ఆయన కలం ఆగింది. ఆమె అన్న మాట రాయడానికి చేయి రాదు. ఖాళీగా వదలడానికి నియమం ఒప్పుకోదు.

అందుకని సంఘ కమిటీ కూర్చుని ఒక ఉపాయం కనిపెట్టింది. ఈ గుణం పుట్టుకతో వచ్చిందా, పెంపకంతో వచ్చిందా తేల్చి ఆ ముక్క రాస్తారట. పుట్టుక అయితే జబ్బు. పట్నంలో ఆసుపత్రికి పంపుతారు. పెంపకం అయితే బోర్డింగు మూసేస్తారు. ఏదైనా సరే మరియమ్మ బడి వదలాలి. తేల్చి చెప్పాల్సింది ఎవరనుకున్నావు? మేడ్చల్‌లో జంతుశాస్త్రం చదివింది నేనొక్కదాన్నే కదా. సెప్టెంబరు ఇరవై నాలుగున కమిటీ ముందు నా అభిప్రాయం కాగితం మీద పెట్టాలి.

ఇక నీ మాటకు వస్తాను. పెంపకం అన్నావు. నా బోర్డింగులో ఇప్పటికి మూడు వందల మంది పెరిగారు. అందులో రెండు వందల తొంభై మంది పెండ్లిళ్లు చేసుకుని పిల్లలను ఎత్తుకుని నాకు చూపించడానికి వస్తారు. అదే గోడ, అదే గంజి. నన్ను చూసి నేర్చుకుందంటావా? నేను పెండ్లి చేసుకోలేదు, నిజమే. మద్రాసులో నేను మనసుపడ్డది లెక్కల మాస్టారు మీద. ఉద్యోగం మానమన్నాడు, నేను ఆయన్ను మానుకున్నాను. నన్ను చూసి నేర్చుకుని ఉంటే మరియమ్మ ఏ లెక్కల మాస్టారు వెంటనో పడాలి.

పుట్టుక మాట ఎత్తితే నువ్వు నొచ్చుకుంటావు. అయినా అడుగుతాను. మన గంగమ్మత్త గుర్తుందా? వాక్యం చెప్పడానికి ఊళ్లకు ఇద్దరిద్దరు బైబిలమ్మలను పంపడం మిషన్ పద్ధతి. అత్తకు జోడీగా నర్సమ్మను ఇచ్చారు. మూడేండ్ల పనికి వెళ్లినవాళ్లు ముప్పయి ఒక్క ఏండ్లు ఒకే గదిలో ఉన్నారు. ఇద్దరూ ఒకే కంచంలో తినేవాళ్లు. అత్త చనిపోతే నర్సమ్మ తల జుట్టు తీయించుకుంది. మనమంతా "ఎంత భక్తి" అన్నాం. ఎవరూ ఏ గడీ నింపలేదు. వాళ్ల భుజాన బైబిలు సంచి ఉంది కాబట్టి.

మరి అది మన రక్తమేనా? తెలియదు. ఈ ఉత్తరం రాస్తూ కూడా రెండు వైపులా ఊగుతున్నాను. మరియమ్మను మాత్రం పంపను. ఇవాళ ఒకటో తరగతికి గుణింతాలు చెబుతోంది.

ఎలీషమ్మ

శామీర్‌పేట
జూలై 25

ఎలీషా,

గంగమ్మత్త పేరు ఇందులోకి తేవద్దు. ఆమె చేతి జొన్నరొట్టె తిని పెరిగినవాణ్ణి.

శనివారం బొల్లారం నుంచి దేవదాను తండ్రి వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. "డాక్టరుగారూ, ఒక్కటే అడుగుత. గిది మీ రక్తంల ఉన్నదా? ఉంటే చిన్నమ్మాయి సంగతేంది? మా ఇంట్ల పుట్టబోయే పిల్లల సంగతేంది?" అన్నాడు. ఏం చెప్పను? నాటు ఆవుకు ఏ కోడెను దాటిస్తే ఎలాంటి దూడ పడుతుందో ఊరందరికీ చెప్పే నేను, నా బిడ్డ సంగతి వచ్చేసరికి మాట తప్పించాను. కమిటీ ఏం తేలుస్తుందో చూసి మాట్లాడదామని పంపాను. తలుపు వెనక సలోమి నిలబడి ఉంది. పందొమ్మిదేండ్ల పిల్ల. అంతా వింది.

చెల్లె, బతిమాలుతున్నాను. పుట్టుక అని రాయకు. పెంపకం అని రాయి. బోర్డింగు పోతే పోతుంది, నీ చదువుకు సికింద్రాబాదులో ఏ బడిలోనైనా కుర్చీ దొరుకుతుంది. సలోమికి మళ్లీ ఇల్లు దొరకదు. మరియమ్మను నేను ఇంటికి తెచ్చుకుంటాను. ఆరు నెలలు నాతో ఉంటే మనసు మారుతుంది, అప్పుడు దూరపు సంబంధం ఏదైనా చూస్తాను. నీకేం పోతుంది చెప్పు?

ఊళ్లో అందరూ నన్ను చూసి మాట మింగేస్తున్నారు. ఆ చేపల యాదవ్వ ఒక్కతే నయం. ప్రతి వారం తడక దగ్గర నిలబడి, "పెద్దబిడ్డ మంచిగున్నదా సారూ? మేడ్చల్ల సూసిన, జర చిక్కింది" అంటుంది. చదువు లేని బెస్త పిల్లకున్న జాలి మన సంఘ పెద్దలకు లేదు.

ప్రభుదాసు

మేడ్చల్
ఆగస్టు 8

అన్నా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నీకేం పోతుంది అని అడిగావు. మరియమ్మ పోతుంది. ఆరు నెలలకు మారుతుందన్నావు కదా, మారకపోతే? మారనిదాన్ని దూరపు ఊళ్లో తెలియనివాడికి కట్టబెడతావు. తొమ్మిదిసార్లు సున్నితంగా రాద్దామనుకున్నాను. ఇంక చాలు.

నువ్వు జాలి అనుకున్నది జాలి కాదు. ఆమె యాదవ్వే.

గుళ్లో మరియమ్మ పేరు చెప్పకుండా "ఒక ఆడమనిషి" అన్నది ఈ యాదవ్వ గురించి. నన్ను దోషిని చేస్తూ నువ్వు రాసిన ఉత్తరాలు ఏడు మైళ్లు నెత్తిన మోసుకొచ్చింది ఆమే. అయిదేండ్లయింది. బోర్డింగు వంటింటి గుమ్మం దగ్గర పరక చేపల బేరంతో మొదలయిందట. ఈ ఉత్తరం ఆమె చేతికే ఇస్తున్నాను. ముందు చదివి వినిపించాను. ఆమె ఒప్పుకోకపోతే చించేసేదాన్ని.

"రాయున్రి టీచరమ్మా," అంది యాదవ్వ. "ఎన్నొద్దులని బుట్ట కింద దాసుకుంట? సారు తిడితే తిట్టనీ. నేను సూడని తిట్లా?"

"మీ ఇంట్లో తెలుసా?" అన్నాను.

"తెల్వకేం. పదమూడేండ్లకు నన్ను అత్తగారింటికి తోలిన్రు. మూడోనాడు ఎనకకొచ్చిన. నా వల్ల గాదన్న. గాలి సోకిందన్నరు. ఏపమండలతోని కొట్టిచ్చిన్రు, మిరపకాయల పొగ పెట్టిచ్చిన్రు. ఆ పొగకు మంత్రగాడే దగ్గి దగ్గి సచ్చినంత పనయ్యె." మరియమ్మ పక్కనే నిలబడి నవ్వు ఆపుకోలేక పైట నోట్లో కుక్కుకుంది. నాకు నవ్వు రాలేదు. ఆ పిల్ల వీపు మీద మచ్చలు ఇంకా ఉన్నాయి.

ఇప్పుడు చెప్పు అన్నా. బోర్డింగు పెంపకం వల్ల వచ్చిందంటే, యాదవ్వ ఏ బోర్డింగులో పెరిగింది? మీ శామీర్‌పేట చెరువు గట్టు మీద, నలుగురు అన్నదమ్ముల మధ్య, వలలు అల్లుతూ పెరిగింది. మన రక్తం వల్ల వచ్చిందంటే, మన రక్తం బెస్తవాళ్ల ఇంట్లోకి ఎలా వెళ్లింది? వాళ్లు గాలి అంటున్నారు. బొల్లారం వాళ్లు రక్తం అంటున్నారు. నువ్వు ప్రహరీ గోడ అంటున్నావు. ఎవరి ఇంట్లో ఏది దొరికితే దాని మీద వేస్తున్నారు. ఆ ఇద్దరినీ మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

నేను కూడా అడగలేదు. అది నీకు చెప్పకుండా ఈ ఉత్తరం ముగించలేను. రెండేండ్ల కిందట బావి దగ్గర యాదవ్వ ముంజేతికి అంటిన పొలుసులను మరియమ్మ గోటితో ఒక్కొక్కటే తీస్తుండగా చూశాను. నాకు అర్థమయింది. ఏం చేశానో తెలుసా? బోర్డింగులో చేపలు కొనడం మాన్పించాను. కారణం చెప్పలేదు. ఆరు నెలలు నలభై మంది పిల్లలు మంగళవారం కూడా పప్పే తిన్నారు. చివరకు మరియమ్మ నా గదికి వచ్చింది. "అత్తమ్మా, పిల్లల నోటికాడి కూర ఎందుకు గుంజుకున్నవు? కోపముంటే నా మీద చూపియ్యి" అంది. సిగ్గుతో మళ్లీ చేపలు తెప్పించాను. మాట మాత్రం ఎత్తలేదు. నేను ఆ రోజు ఆమెతో మాట్లాడి ఉంటే ఆమె గుళ్లో అంతమంది ముందు లేచి నిలబడాల్సిన పని ఉండేది కాదేమో. అలా కూడా ఖచ్చితంగా చెప్పలేను.

పెంపకం అని రాయను. పుట్టుక అని కూడా రాయను. ఏం రాస్తానో ఇంకా తెలియదు.

ఎలీషమ్మ

శామీర్‌పేట
ఆగస్టు 14

ఎలీషమ్మకు,

ఇది టపాలో వేస్తున్నాను. యాదవ్వను ఇక మా వాకిట్లోకి రావద్దని చెప్పాను. నీ చదువుకు నా నమస్కారం. నా బిడ్డను నాకు పంపవలసింది.

ప్రభుదాసు

శామీర్‌పేట
సెప్టెంబరు 12

చెల్లె,

నెల రోజులు నీకు రాయలేదు. కోపంతో కొన్ని రోజులు, తర్వాత ముఖం చెల్లక.

యాదవ్వను రావద్దన్న వారానికి ఆమె తండ్రి మైసయ్య నా దగ్గరకు వచ్చాడు. పశువేమీ లేదు, ఒట్టి చేతులు. దెబ్బలాటకు వచ్చాడనుకున్నాను. అరుగు మీద కూర్చుని చుట్ట వెలిగించాడు.

"సారూ, మా పిల్లను వాకిట్లకు రావద్దంటివంట."

"అవును. ఎందుకో నీకు తెలియదా?"

"తెలుసు. నేనూ ఓనాడు వద్దన్న. కొట్టిన. మంత్రగాన్ని పిలిచిన. ఆ పొగల ఆడు సచ్చెటోడు, పిల్ల మాత్రం గట్లనే ఉన్నది." చుట్ట బూడిద రాల్చాడు. తర్వాత అన్నాడు: "నల్గురు కొడుకులున్నరు నాకు. వల చినిగితే బాగుచేసేది ఆమెనే. నాకు జ్వరమొస్తే కూసునేది ఆమెనే. ఎందుకు గట్లయిందో అడిగి అడిగి పదేండ్లు బిడ్డతోని మాట్లాడకుంటనే పాయె. మీరు సదువుకున్నోళ్లు, గన్నేండ్లు పాడు జేసుకోకున్రి."

అతను వెళ్లాక ఒక సంగతి గుర్తుకొచ్చింది. నిజానికి మొదటి నుంచీ గుర్తుంది, నీకు చెప్పకుండా దాచాను.

నాలుగేండ్ల కిందట గొల్ల గండయ్య ఒక నల్ల పొట్టేలును తెచ్చాడు. అది గొర్రెల వైపు చూడదు. పొట్టేళ్ల వెంటే పోతుంది, వాటినే కోరుతుంది. జబ్బనుకుని రెండు ఎదకాలాలు మందులు పెట్టాను. మేత మార్చాను. విడిగా గొర్రెల మధ్య కట్టించాను. ఏమీ మారలేదు. దాని తోడబుట్టింది ఇంకొకటి, అదే ఈత, అదే పాలు, అదే దొడ్డి, మందలో అన్నిటిలాగే ఉంది. మూడోసారి మందు కలుపుతుంటే గండయ్య నా చేయి పట్టుకున్నాడు. "ఇగ ఊకో సారూ. మందల ఒకటో రెండో గట్ల పుడ్తయి. మా తాత నాడు సుత ఉండె. దానికి మందేంది? ఉన్ని మాత్రం మస్తుగిస్తది. రెండు గొంగళ్లు నేయిచ్చిన."

నా దవాఖాన పుస్తకంలో "కారణం తెలియలేదు, జబ్బు కాదు" అని రాసి సంతకం చేశాను. హాయిగా ఇంటికి వెళ్లి అన్నం తిన్నాను. గొర్రె విషయంలో ఆ మాట రాయడానికి నాకు అర నిమిషం పట్టలేదు. బిడ్డ విషయంలో రెండు నెలలుగా నిన్ను తిడుతున్నాను.

ఇది పుట్టుక అని చెప్పడానికి సాక్ష్యమా? తోడబుట్టినది మామూలుగా ఉందంటే కాదా? నీకే తెలియాలి. బొల్లారం వాళ్ల భయం నాకింకా ఉంది. కమిటీకి నేను రాను. అక్కడ నిలబడి మాట్లాడే ధైర్యం ఇంకా రాలేదు. అబద్ధం చెప్పడం ఎందుకు.

ప్రభుదాసు

మేడ్చల్
సెప్టెంబరు 26

అన్నా,

నీ పొట్టేలును కమిటీ ముందుకు తోలుకెళ్లలేదు. వెళ్లి ఉంటే "చూశారా, పశువుల గుణం" అనేవాళ్లు. కానీ ఆ ఉత్తరాన్ని మరియమ్మకు చదివి వినిపించాను. మైసయ్య మాట దగ్గర లేచి బయటకు వెళ్లి, ముఖం కడుక్కుని వచ్చింది. తర్వాత గండయ్య మాట దగ్గర నవ్వింది.

ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంది. అయిదుగురు పెద్దలు, అయ్యగారు, బల్ల మీద రిజిస్టరు. మరియమ్మను బయట కూర్చోబెట్టమన్నారు. "ఆమె సంగతి ఆమె లేకుండా మాట్లాడితే నేనూ బయటే కూర్చుంటాను" అన్నాను. కుర్చీ వేశారు.

నేను రాసిన కాగితం చదివాను. ఎన్నిసార్లు కొట్టేసి రాశానో చెప్పలేను. చివరకు మిగిలింది ఇంతే: "తల్లిదండ్రుల గుణాలను పిల్లలకు మోసుకొచ్చే సూక్ష్మమైన రేణువులు ఉన్నాయని శాస్త్రం చెబుతుంది. వాటిని జీన్లు అంటారు. బఠాణీ పువ్వు రంగు, ఈగ కన్ను రంగు వాటిని బట్టి ఎలా మారుతాయో కొంత తెలిసింది. మనిషి మనసు ఎవరి మీదికి పోతుందో వాటిలో ఉందో లేదో నాకు తెలియదు. పెంపకం ఎంత, పుట్టుక ఎంత, రెండూ కలిసి ఎంత, ఎవరికీ తెలియదు. తెలియనిదాన్ని తెలిసినట్టు సంతకం చేయను. ఒకనాడు తేలినా, ఆ తేలినది మరియమ్మను శిక్షించడానికి పనికిరాదు."

సంఘ పెద్దల్లో ఒకడు, లచ్చయ్య, బల్ల కొట్టాడు. "గిదేం జవాబమ్మా? నిన్ను మద్రాసు దాక చదివిచ్చింది తెల్వదు అని చెప్పనీకా?"

"అవును. అది చెప్పడం రావడానికే అంత చదవాల్సి వచ్చింది."

"అటో ఇటో ఒకటి చెప్పాలె."

"సరే, నేనూ ఒకటి అడుగుతాను. మీకు మీ భార్య మీద మనసు పుట్టుకతో వచ్చిందా, పెంపకంతో వచ్చిందా?"

"మా పెండ్లి మా నాయిన జేసిండు. మనసు గినసు ఎక్కడిది?" అన్నాడు. కిటికీ బయట వింటున్న ఆడవాళ్లు ఫక్కున నవ్వారు. వాళ్లలో ఆయన భార్య కూడా ఉంది. "ఇంటికి రా, చెప్త" అన్న గొంతు ఆమెదే.

అయ్యగారు చేయెత్తి, మరియమ్మ వైపు తిరిగాడు. "బిడ్డా, నువ్వయినా చెప్పు. ఏం రాయమంటవు?"

"నేను చెప్పింది రాయున్రి అయ్యగారూ. మళ్ల చెప్పాల్నా?"

ఆయన కలం తీసి, మూత పెట్టి, పక్కన పెట్టాడు. పాపం, ఆయనకు ఆ ఒక్క వాక్యం రాయడం వచ్చి ఉంటే ఈ మూడు నెలలు ఎవరికీ నిద్ర చెడేది కాదు.

ఆ తర్వాత జరిగింది నీకు సంబంధించింది, జాగ్రత్తగా చదువు. పుట్టుకో పెంపకమో తేలలేదు కాబట్టి మరియమ్మను తండ్రికి అప్పగించాలని తీర్మానం చేశారు. టీచర్లను తీసేయడం హెడ్‌మిస్ట్రెస్ పని. నేను తీయనన్నాను. నన్ను తీయాలంటే జనవరిలో మిషన్ సభ దాకా ఆగాలి. ఆ సభలో ఏమవుతుందో నాకు భయంగానే ఉంది. ఇప్పుడు వాళ్ల చేతిలో ఉన్నది ఒక్కటే. పదిహేడేండ్ల కిందట ఆమెను బోర్డింగులో చేర్చిన కాగితం మీద నీ సంతకం ఉంది. "నా కుమార్తెను తిరిగి తీసుకున్నాను" అని నువ్వు సంతకం చేస్తే చాలు. లచ్చయ్య బండి కట్టి తీసుకొచ్చి నీ వాకిట్లో దింపుతాడు. ఆ కాగితం నీకు పంపారు. అక్టోబరు పదిహేను గడువు.

నీకు సలోమి ఉంది. బొల్లారం ఉంది. నీ సంతకం నేను పెట్టలేను, ఆపలేను. తొమ్మిది మంది తల్లిదండ్రులు పిల్లలను తీసుకెళ్లిపోయారు. ముప్పయి ఒక్కరు ఉంచారు. మరియమ్మ ఇవాళ కూడా గంట కొట్టగానే క్లాసులోకి వెళ్లింది.

నువ్వు ఏం చేసినా నువ్వే రాయి. ఇంకొకరి నోట నేను వినకూడదు.

ఎలీషా

శామీర్‌పేట
అక్టోబరు 10

చెల్లె,

కమిటీ కాగితం పన్నెండు రోజులు నా మందుల పెట్టెలో ఉంది. ఒకరోజు సంతకం పెట్టడానికే తీశాను. దాచను. సిరాబుడ్డి మూత తిప్పుతుంటే సలోమి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"అక్కను తోలుకొచ్చి ఏం జేస్తవు బాపూ?"

"ఇంట్లో ఉంటుంది."

"ఉంటదా? కట్టేస్తవా? అక్కను కట్టేసి నాకు పెండ్లి జేస్తే, పెండ్లిపీట మీద నేనెట్ల కూసోవాలె? బొల్లారమోళ్లకు రక్తం భయముంటే పోనియ్యి. రేపు నాకు గుడ్డి పిల్లో కుంటి పిల్లో పుడితే గప్పుడు సుత ఎవరి రక్తమని అడుగుతరు. గసుంటి ఇంటికి నేనెందుకు?"

ఆ పిల్ల అంత మాట్లాడుతుందని నాకు తెలియదు. ఇద్దరు బిడ్డల గురించీ నాకు తెలిసింది తక్కువే అని ఇప్పుడు తెలుస్తోంది.

మరునాడు బొల్లారం నడిచి వెళ్లాను. దేవదాను తండ్రి మళ్లీ అదే అడిగాడు: రక్తంలో ఉందా? "ఉంటే ఉంది. లేకపోతే లేదు. మా ఇంటి పిల్లలు ఇద్దరూ బంగారం లాంటివాళ్లు. కావాలంటే రండి, వద్దంటే మీ ఇష్టం" అన్నాను. దేవదాను గుమ్మం దాకా వచ్చి, "మరియమ్మకు నా మీద కోపం లేదు గద?" అని అడిగాడు. వాడు నిజంగా మంచివాడే. చిన్నబ్బాయి సంగతి వాళ్లు ఇంకా ఏమీ చెప్పలేదు. చెప్పకపోవచ్చు.

ఈ పొద్దున యాదవ్వ మా వీధిన వెళుతుంటే తడక దగ్గర నిలబడి పిలిచాను. "చేపలున్నాయా?" అన్నాను.

"ఉన్నయి సారూ. మీకు మాత్రం ఇయ్య" అంది. బుట్ట దించలేదు.

"నేను రావద్దన్నది తప్పు," అన్నాను. జీవితంలో ఎవరితోనూ అలా అనలేదు. ఆమె నెత్తి మీద బుట్ట సర్దుకుని, "ఉత్తరమేదన్న ఉంటే తెండ్రి, మేడ్చల్‌కే పోతున్న. చేపల సంగతి ఎనక సూద్దాం" అంది. ఇది ఆమె చేతికే ఇస్తున్నాను.

నాకు ఇదంతా అర్థమయిందని అనుకోకు. ఆ ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటే నేను ఎటు చూడాలో కూడా తెలియదు. నేర్చుకోవాలి. జనవరి సభకు మాత్రం వస్తాను. ఈసారి తప్పించుకోను.

కమిటీకి రాసింది కింద రాస్తున్నాను:

"సంఘ పెద్దలకు, శామీర్‌పేట పశువుల డాక్టరు ప్రభుదాసు రాయునది. మీ కాగితం అందింది. సంతకం పెట్టలేదు, పెట్టను. మరియమ్మకు ఇరవై మూడేండ్లు. ఆమె నాకు పుట్టింది, నా చెల్లెలి దగ్గర పెరిగింది. ఇద్దరిలో ఎవరిది తప్పని మీరు అడిగారు. తప్పు జరిగిందని మేము ఒప్పుకోవడం లేదు. నా బిడ్డ ఎప్పుడు రావాలనుకుంటే అప్పుడు నా ఇల్లు ఆమెది, ఒక్కతే వచ్చినా, యాదవ్వతో వచ్చినా. మీరు బండి కట్టి పంపితే మాత్రం దింపనివ్వను, అదే బండిలో మేడ్చల్‌కు నేనే తిరిగి తోలుకొస్తాను."

ఇది నకలు, ఎలీషా. అసలుది పొద్దుననే టపాలో వేశాను. నీకు చూపిస్తే మెత్తగా దిద్దుతావని ముందే పంపేశాను.

అన్న